వెనకవైపు కూడా తియ్యి బాబూ

(అమలాపురంలో జరిగిన సంస్మరణ సభలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారమండి. మాస్టారి ఇల్లాలు అమ్మగారికి నమస్కారం.

మాస్టారికి సంతాప సభలంటే పడేది కాదు. అలాగని మానేసేవారూ కాదు, పిలిచినా పిలవకపోయినా వెళ్లేవారు. వెనక వరసలో కూర్చుని చొక్కా జేబులోంచి పెన్సిలు ముక్క తీసి ఏదో కాగితం మీద గీతలు పెడుతుండేవారు. వక్తలు చెప్పేది రాసుకుంటున్నారు కాబోలు అనుకునేవాణ్ణి. ఓసారి తొంగిచూస్తే అన్నీ నిలువు గీతలే. నాలుగు నిలువు, అయిదోది అడ్డం. స్టేజీ మీద ఎవరైనా "తీరని లోటు" అన్నప్పుడల్లా ఒక గీతన్నమాట. సభ అయ్యాక బయట టీ తాగుతూ "ఇవాళ ఏడు లోట్లురా అబ్బాయ్" అనేవారు. నా ముందు మాట్లాడిన పెద్దలు ఏమీ అనుకోకండి, ఇప్పటికి మూడయ్యాయి. (నవ్వులు) నాలుగోది నా నోట రానివ్వను.

ఇక్కడున్న పిల్లల్లో కొందరికి తెలియకపోవచ్చు. మన విమాన చరిత్ర బృందాన్ని మొదలుపెట్టింది అయిదుగురు. ఒక పోస్టుమాస్టరు, అంటే మన మాస్టారు, ఇద్దరు బడిపంతుళ్లు, ఒక కొబ్బరి వ్యాపారి, జెరాక్స్ షాపు పెట్టుకున్న నేను. అప్పటికి ఆ అయిదుగురిలో విమానం ఎక్కినవాళ్లు ఒక్కరే, అది కొబ్బరి వ్యాపారిగారు. అదీ బొంబాయిలో సరుకు బాకీ వసూలుకి వెళ్తే రైలు తప్పిపోయి! (నవ్వులు) పైలట్లూ ఇంజనీర్లూ లేకుండా విమానాల చరిత్ర ఏంటని నవ్వినవాళ్లున్నారు. మాస్టారే నవ్వేవారు.

నేను ఇందులోకి ఎలా వచ్చానో చెబుతాను. నా షాపు అప్పట్లో గడియార స్తంభం సెంటర్లో ఉండేది. ఓ రోజు మాస్టారు వచ్చి ప్లాస్టిక్ సంచిలోంచి ఒక పాత కవరు తీశారు. వేలి చివరలతో పట్టుకుని అద్దం మీద ఆయనే పెట్టారు, నన్ను ముట్టుకోనివ్వలేదు. జెరాక్స్ తీసి ఇచ్చాను. చూసుకుని, "వెనకవైపు కూడా తియ్యి బాబూ" అన్నారు.

"వెనకేం లేదు కదండీ, ఖాళీ కాగితానికి డబ్బులు దండగ" అన్నాను.

"అసలు సంగతంతా వెనకే ఉంది" అన్నారు.

కవరు తిప్పితే మూల మీద పావలా బిళ్లంత ముద్ర, సగం చెరిగిపోయి ఉంది. ముందువైపు ముద్ర ఉత్తరం ఎక్కడ ఎప్పుడు బయల్దేరిందో చెబుతుంది. వెనకవైపు ముద్ర ఎప్పుడు చేరిందో చెబుతుంది. ఆ రెండు తేదీల మధ్య ఉన్నదే ప్రయాణం. ఎన్ని రోజులు పట్టిందో చూస్తే రైల్లో పోయిందా, విమానంలో పోయిందా తేల్చవచ్చు. ఆ కవరు మన కోనసీమ నుంచి ఢిల్లీ వెళ్లింది. 1949 జనవరి ఆఖరున మన దేశంలో రాత్రి విమాన టపా మొదలైందట. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు, ఈ నాలుగు చోట్ల నుంచీ రాత్రిపూట సంచులేసుకుని విమానాలు బయల్దేరి నాగపూర్లో దిగేవి. అర్ధరాత్రి అక్కడ సంచులు మార్చుకుని తెల్లారేసరికి ఎవరి ఊరు వాళ్లు చేరేవారు. "సామర్లకోట జంక్షన్లో బండి మారినట్టేరా, కాకపోతే ఆకాశంలో" అన్నారు మాస్టారు. షాపు ముందు జనం ఆగి ఉన్నారు, హాల్ టికెట్ల జెరాక్సులకి. నేను మిషను ఆపేసి వింటున్నాను. ఆ పూట బేరం పోయింది గానీ, పద్దెనిమిదేళ్లపాటు ఆయన వెంట తిరిగే పని దొరికింది.

ఆయన విమానాల దగ్గరికి ఉత్తరాల దారిలో వచ్చారు. ప్రపంచంలో మొట్టమొదటి అధికారిక విమాన టపా మన దేశంలోనే జరిగింది, 1911 ఫిబ్రవరి 18న, అలహాబాదులో. హెన్రీ పెకే అనే ఫ్రెంచి కుర్రాడు దాదాపు 6,500 ఉత్తరాలు వేసుకుని యమున దాటి నైనీలో దిగాడు. దూరం ఆరు మైళ్లు. మాస్టారు ఈ సంగతి చెప్పినప్పుడల్లా ఒకటే మాట కలిపేవారు: "నది దాటడానికి వాడు 1911లో విమానం ఎక్కాడు. మనం కోటిపల్లి రేవులో ఇంకా పంటు కోసం నిలబడే ఉన్నాం." (నవ్వులు) 1932లో టాటాగారు కరాచీ నుంచి బొంబాయికి టపా విమానం తెచ్చిన కథ అందరికీ తెలుసు. అక్కడి నుంచి మద్రాసుకి తీసుకెళ్లింది నెవిల్ విన్సెంట్ అనే ఆయన. దారిలో బళ్లారిలో దిగాడు. బళ్లారి అప్పుడు మద్రాసు రాష్ట్రంలోదే కాబట్టి అది మన కథేనని మాస్టారి వాదన. సరే, ఆ మాట మీద కన్నడం వాళ్లతో ఆయనే తేల్చుకుంటారు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఆయన 1942లో పుట్టారు. ఏ ఏడు పుట్టారని అడిగితే వాళ్లమ్మగారు సంవత్సరం పేరు చెప్పేవారు కాదట. "బాంబులు పడ్డ ఏడు" అనేవారట. కాకినాడలో కాపురం. ఏప్రిల్ ఆరో తారీఖు సోమవారం జపాను విమానాలు వచ్చాయి. అదే రోజు విశాఖపట్నం మీదా పడ్డాయి. ముందు రోజు కొలంబో, తొమ్మిదో తారీఖున ట్రింకోమలీ. అవి వేరే పెద్ద ఓడల నుంచి లేచిన విమానాలు. మన మీదికి వచ్చినవి ర్యూజో అనే చిన్న విమానవాహక ఓడ నుంచి. అడ్మిరల్ ఒజావా దండు బంగాళాఖాతంలోకి చొరబడి ఆ కొద్ది రోజుల్లో ఇరవైకి పైగా సరుకు ఓడల్ని ముంచేసింది. కాకినాడలో లోతు లేదు కదా, పెద్ద ఓడలు ఒడ్డుకి రాలేవు. మైళ్ల దూరాన లంగరేసుకుని నిలబడితే నావల్లో సరుకు చేరవేయాలి. అలా నిలబడ్డ ఓడ పైనుంచి చూసేవాడికి ఎలా కనపడుతుందో ఆలోచించండి.

బాంబుల కన్నా పుకార్లు ఎక్కువ నష్టం చేశాయని మాస్టారు అనేవారు. మద్రాసు సగం ఖాళీ అయింది. ఆంధ్ర విశ్వవిద్యాలయాన్ని విశాఖ నుంచి గుంటూరుకి తరలించారు. కాకినాడలో జనం తాళాలేసి పల్లెలకి పోయారు. మాస్టారి అమ్మగారు నిండు చూలాలు. కాలువ పడవలో, రాత్రిపూట దీపం లేకుండా, ఒడ్డున మనుషులు తాడుతో లాగుతుంటే రామచంద్రపురం వైపు పుట్టింటికి చేరారు. "నా మొదటి ప్రయాణానికి కారణం విమానం, చేసింది పడవలో" అనేవారు మాస్టారు.

పోస్టాఫీసు నుంచి రిటైరయ్యాక ఆ రోజుని చూసినవాళ్ల కోసం ఊళ్లు తిరగడం మొదలుపెట్టారు. తాళ్లరేవు, కోరంగి, యానాం, ఉప్పాడ. నేను సైకిల్ మీదా, తరవాత బండి మీదా తిప్పేవాణ్ణి. మనిషి దొరికాక ఆయన అడిగే తీరు చూడాలండి. మనమైతే ఏం అడుగుతాం? విమానాలెన్ని, టైమెంత అంటాం. గోడ గడియారమే లేని ఇంట్లో పుట్టిన మామ్మగారు టైమెంతని చెబుతుంది! మాస్టారు ఇలా అడిగేవారు: "అమ్మా, ఆ చప్పుడు వినపడ్డప్పుడు మీ ఇంట్లో పొయ్యి మీద ఏముంది?" అంతే, ఆవిడ కళ్లు మూసుకునేది. "అన్నం వార్చేశాం నాయనా, మా అమ్మ పులుసు పొయ్యి మీద పెట్టింది, గరిట అలాగే వదిలేసి పరిగెత్తింది" అనేది. టైము దొరికిపోయింది. "నువ్వెక్కడ నిలబడ్డావు? నీడ ఎటుంది? చప్పుడు ముందా, కనపడ్డం ముందా?" ఇవన్నీ మనియార్డరు ఫారంలా గళ్లు గీసిన నోట్‌బుక్కులో రాసేవారు. పైన వరస నెంబరు, తేదీ, ఊరు.

విమానాలు రెండని ఒకరు, అయిదని ఒకరు, ఆకాశమంతా అవేనని ఒకరు. నేనోసారి విసుక్కున్నాను, వీళ్లలో ఎవరిది నిజమండీ అని. "అన్నీ రాయి" అన్నారు. "రిజిస్టరు పోస్టు సంచిలో ఏ ఉత్తరం మంచిదో చూసి వేస్తామా? వచ్చింది వచ్చినట్టు ఎక్కిస్తాం. తప్పుడు అడ్రసుదైనా సరే." అలాగని అన్నీ నమ్మేవారు కూడా కాదు. మ్యాపు మీద ఒక్కొక్కరు నిలబడ్డ చోటు నుంచి వాళ్లు చూపించిన దిక్కుకి పెన్సిలుతో గీతలు గీసి, అన్నీ ఎక్కడ కలుస్తాయో చూసేవారు. చాలా గీతలు సముద్రం వైపు పోయేవి, కొన్ని ఎటో పోయేవి. ఎటో పోయిన గీతల్ని కూడా చెరిపేవారు కాదు.

ఇందులో నేను మర్చిపోలేని సంగతి ఒకటుంది. ర్యూజో ఓడ ఏమైందో ఆయన పుస్తకాల్లో వెతికి పట్టుకున్నారు. మన మీద బాంబులేసిన అయిదు నెలలు తిరక్కుండానే, అదే ఏడు ఆగస్టులో, సొలొమన్ దీవుల దగ్గర అమెరికా విమానాలు దాన్ని ముంచేశాయి. వాళ్లమ్మగారు అప్పటికి మంచంలో ఉన్నారు. ఆవిడ సంతోషిస్తారనుకుని పక్కన కూర్చుని చెప్పారు. "అమ్మా, నిన్ను పడవెక్కించిన ఆ ఓడ ఆ ఏడే మునిగిపోయిందే" అన్నారు. ఆవిడ కాసేపు ఊరుకుని, "ఓడంటే అందులో వంటవాళ్లు కూడా ఉంటారు కదరా, వాళ్లేమయ్యారు?" అని అడిగారట. మాస్టారి దగ్గర జవాబు లేదు. నోట్‌బుక్కులో వాళ్లమ్మగారి పేజీలో, చివరి గడిలో, ఆ ప్రశ్న అలాగే రాసి ఉంది. నేను కళ్లారా చూశాను.

మాస్టారు తప్పులే చేయలేదా అంటే, చేశారు. పెద్దది ఒకటి చేశారు. ఓ ఇంగ్లీషు వైమానికుడి డైరీలో ఆయనకి "కోరంగి క్రీక్" అన్న మాట కనపడింది. యుద్ధం రోజుల్లో నీళ్ల మీద దిగే ఫ్లయింగ్ బోట్లు అక్కడ ఆగాయని ఉంది. ఇంకేముంది, మన కోరంగి! మడ అడవుల మధ్య పాయల్లో కాటలీనా విమానాలు! మర్నాడే బృందంలో అందరికీ పోస్టుకార్డులు వేశారు. మేం పడవ మాట్లాడుకుని వెళ్లి మడ చెట్ల మధ్య రోజంతా తిరిగాం. దోమలు కుట్టాయి, కొబ్బరి వ్యాపారిగారి చెప్పు బురదలో ఉండిపోయింది. పది రోజులకి ఇంకో కార్డు. "ముందు కార్డులో రాసింది తప్పు. ఆ కోరంగి కరాచీలో ఉంది. సార్టింగులో పొరపాటు. క్షమించగలరు." (నవ్వులు)

కరాచీ పక్కన కోరంగి క్రీక్ అని నిజంగానే ఉంది. ఇంపీరియల్ ఎయిర్‌వేస్ వాళ్ల ఫ్లయింగ్ బోట్లు ఆగే చోటు అది. మన కోరంగిని ఇంగ్లీషువాళ్లు సి అక్షరంతో మొదలుపెట్టి ఏతో ముగిస్తారు. వాళ్లది కె తో మొదలై ఐ తో ముగుస్తుంది. "ముప్పై ఎనిమిదేళ్లు ఉత్తరాలు సార్టు చేసినవాణ్ణి, స్పెల్లింగ్ చూసుకోలేదు" అని చాలా రోజులు బాధపడ్డారు. తరవాత ఏ బడికి వెళ్లినా పిల్లలకి మొదట చెప్పేది ఆ కథే. తాను ఎక్కడ బోల్తా పడ్డారో చెప్పాకే మిగతాది చెప్పేవారు. నా మటుకు నాకు ఆయన కనిపెట్టినవాటన్నిటికన్నా ఆ రెండో కార్డే గొప్పదనిపిస్తుంది. అది నా దగ్గర ఉంది. ఫ్రేము కట్టించాను.

ఇంత జాగ్రత్త మనిషి కాబట్టే కోపం కూడా ఎక్కువ. మనలో ఒకాయన, పేరు చెప్పను, ఇక్కడే ఉన్నారు, ఆయనకీ కోపం పోయింది లెండి, ఓ విలేకరికి గోదావరిలో జపాను విమానం కూలిందని చెప్పేశారు. అది పేపర్లో వచ్చింది. మాస్టారు సొంత బృందం మీదే ఖండన రాసి, సంతకం పెట్టి అదే పేపరుకి పంపించారు. రెండేళ్లు ఇద్దరికీ మాటల్లేవు. కాస్త మెల్లగా చెప్పి ఉండొచ్చని నేను ఇప్పటికీ అనుకుంటాను. ఫోన్లంటే పడేది కాదు, వాట్సాప్ గ్రూపులోకి రమ్మంటే "నాకు కార్డు వెయ్యండి" అనేవారు. మీటింగుకి ఆలస్యంగా వస్తే తలుపు దగ్గరే వాచీ చూపించేవారు. ఖర్చు దగ్గర మరీ గట్టి. గూడెం వెళ్లినప్పుడు పదిమందికి నాలుగు టీలు చెప్పి పంచమన్న మనిషి.

గూడెం అంటే గుర్తొచ్చింది. తాడేపల్లిగూడెంలో యుద్ధం నాటి రన్‌వే ఉంది కదా. జపాను భయంతో తూర్పు తీరం పొడవునా ఇలాంటి ఎయిర్‌స్ట్రిప్పులు కట్టారు, అందులో అదొకటి. తరవాత ఆ పక్కనే నిట్ కాలేజీ వచ్చింది. పొద్దున్నే జనం దాని మీద వాకింగ్ చేస్తుంటారు, తాము దేని మీద నడుస్తున్నారో చాలామందికి తెలియదు. మేం సైకిల్ చక్రం పుల్లకి ఎర్రగుడ్డ కట్టి, చుట్లు లెక్కపెట్టుకుంటూ దాన్ని కొలిచాం. మూడుసార్లు కొలిస్తే మూడు లెక్కలొచ్చాయి. మూడూ రాశారు. అక్కడ మేకలు కాచుకునే ఓ ముసలావిడ ఇంతసేపూ మమ్మల్ని చూస్తూ ఉంది. భూముల సర్వే అనుకుని భయపడిందట. మాస్టారు వెళ్లి గట్టు మీద కూలబడి విషయం చెబితే, "మా నాన్న ఈ రోడ్డుకే కంకర కొట్టాడు, ఇది బండ్ల రోడ్డు కాదని కట్టాక తెలిసింది" అంది. ఆ రోజు మాకు దొరికింది ఆ ఒక్క మాటే. పాత మ్యాపు కోసం ఓ ఆఫీసు చుట్టూ ఏడాదిపాటు తిరిగాం, చివరికి ఫైలు కనపడలేదన్నారు. ఆ కథ వదిలేద్దాం.

నా సంగతి కూడా ఆయన నోట్‌బుక్కులో ఉంది. ఎలాగంటే, 1986 ఆగస్టు వరద. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది. నాకప్పుడు తొమ్మిదేళ్లు. మాది పి.గన్నవరం అవతల లంక. ఇంటి కప్పు మీద మేం ఏడుగురం, ఒక మేక. రెండో రోజు హెలికాప్టరు వచ్చింది. పులిహోర పొట్లాలు వేశారు. సగం నీళ్లలో పడ్డాయి. దాని గాలికి మా కప్పు మీద తాటాకు లేచిపోయింది. మా నాయనమ్మ చేతులు జోడించి దణ్ణం పెడుతూనే తాటాకు పోయిందని తిట్టింది. ఇది నేను మాటల్లో ఎప్పుడో చెబితే మాస్టారు వెంటనే నోట్‌బుక్కు తీశారు.

అప్పటికి నేనూ నాలుగు పుస్తకాలు చదివినవాణ్ణి కదా. "చేతక్ అయి ఉంటుందండీ, ముందు గుండ్రంగా అద్దం ఉంది" అన్నాను. ఆయన పెన్సిలు ఆపేశారు. "తొమ్మిదేళ్లప్పుడు నీకు చేతక్ అన్న మాట తెలుసా?" అన్నారు. తెలియదన్నాను. "మరి అప్పుడేమనుకున్నావో అది చెప్పు." చాలాసేపు ఆలోచించి "తూనీగనుకున్నానండీ. పెద్ద తూనీగ" అన్నాను. ఆయన తూనీగ అని రాసుకున్నారు. చేతక్ అన్నది ఎక్కడా రాయలేదు. పొయ్యి మీద ఏముందని నన్నూ అడిగారు. "పొయ్యే నీళ్లలో ఉందండి మాస్టారూ" అన్నాను. అదీ రాశారు.

2002 మార్చి 3 సంగతి కూడా చెప్పాలి. ఇక్కడ అందరికీ గుర్తున్న రోజే. లోక్‌సభ స్పీకర్ బాలయోగిగారు, మన కోనసీమ బిడ్డ, భీమవరం నుంచి హెలికాప్టర్లో బయల్దేరి కైకలూరు దగ్గర కొవ్వాడలంకలో చేపల చెరువులో కూలి చనిపోయారు. ఆయన పేరు పెట్టిన వారధి మీదుగానే మనం ఎదుర్లంక నుంచి యానాం వెళ్తాం. మన ప్రదర్శనలో ఆ ముక్కల ఫోటోలు పెడదామని ఎవరో అన్నారు. జనం ఆగి చూస్తారని. మాస్టారు కుదరదన్నారు. కారణం చెప్పలేదు. ఈ మధ్య ఆయన నోట్‌బుక్కులు సర్దుతుంటే ఆ తేదీ వేసిన పేజీ కనపడింది. బయల్దేరిన చోటు: భీమవరం. చేరవలసిన చోటు: హైదరాబాదు. మిగతా పేజీ అంతా ఖాళీ.

మాస్టారు విమానం ఎక్కింది ఒక్కసారే. మనందరం చందాలేసుకుని రాజమండ్రి పక్క మధురపూడి నుంచి హైదరాబాదుకి టికెట్ కొన్నాం. ఎనభయ్యో దశకంలో అక్కడికి వాయుదూత్ విమానం వచ్చినప్పుడు ఆయన కంచె బయట నిలబడి చూశారట, ఎక్కాలన్న ఆలోచనే రాలేదట. ఇప్పుడంటే 2019లో రన్‌వే పొడిగించాక జెట్లు దిగుతున్నాయి గానీ, మాస్టారు ఎక్కినప్పుడు ఏటీఆర్ అనే ఫ్యాన్ల విమానం. "ఫ్యాను కనపడుతుంది, అది నయం" అని ఆయనకి నచ్చింది. కిటికీ సీటు ఇప్పించాం. పక్కన నేను. లేవగానే నుదురు అద్దానికి ఆనించేశారు. ధవళేశ్వరం ఆనకట్ట, లంకలు, కాలువలు కనపడతాయని మ్యాపు కూడా ఒళ్లో పెట్టుకున్నారు. పది నిమిషాలు మాట్లాడలేదు. ఎలా ఉందండీ అంటే నా వైపు తిరగకుండానే, "చేలన్నీ బాగున్నాయిరా. ఒక్క మనిషి కనపట్టం లేదు" అన్నారు. తరవాత ఎయిర్‌హోస్టెస్ అమ్మాయి నీళ్లు తెచ్చిస్తే, ఎన్నేళ్ల నుంచి ఎగురుతున్నావమ్మా, మీదే ఊరు అని మొదలుపెట్టారు. దిగేసరికి ఆ అమ్మాయి తాతగారు బర్మా నుంచి నడిచొచ్చిన కథ నోట్‌బుక్కులో ఉంది.

ఆఖరి రోజుల్లో వసారాలో మంచం వేయించుకున్నారు. సాయంత్రం పూట ఆకాశంలో ఎక్కడో పైన విమానం పోయేది, మనకి సన్నటి చప్పుడు. ఆయనకి చెవులు సరిగా వినపడటం లేదు. అమ్మగారిని పిలిచి "పోయిందా?" అని అడిగేవారట. అమ్మగారు పోయిందనేవారు. ఎటువైపు నుంచి ఎటు అని అడిగేవారు. అమ్మగారికి రోజూ అదో పరీక్ష. ఓ రోజు పొయ్యి మీద పాలు పెట్టి, విమానం కోసం వీధిలోకొచ్చి నిలబడితే పాలు పొంగిపోయాయట. ఆ సంగతి అమ్మగారే నాకు చెప్పి నవ్వారు. చెప్పొచ్చు కదమ్మా? (అమ్మగారు తలూపారు) చెప్పేశాను లెండి.

ఇక పని మాటలు. నోట్‌బుక్కులు మొత్తం పదకొండు. అమ్మగారు మనకి అప్పగించారు. పెన్సిలు రాత కాబట్టి చెరిగిపోతోంది. రోజుకి ఇరవై పేజీల చొప్పున నేను స్కాన్ చేస్తున్నాను, రెండు వైపులా. ఆయన రాత చదవడం అలవాటున్నవాళ్లు ఎవరైనా వచ్చి పక్కన కూర్చుంటే బాగుంటుంది. షాపు తొమ్మిదింటికి తీస్తాను.

పదకొండో నోట్‌బుక్కులో ఆఖరి పేజీకి నెంబరు వేసి, ఊరు రాసి, మిగతా గళ్లు ఖాళీగా వదిలేశారు. తాళ్లరేవు దగ్గర ఓ మామ్మగారు. బాంబులు పడ్డప్పుడు ఆవిడకి తొమ్మిదేళ్లట. ఆవిడ మనవడికి మాస్టారు కార్డు వేశారు, వస్తామని. కార్డు అందింది. నిన్న ఆ కుర్రాడు నాకు ఫోన్ చేసి, మామ్మ రోజూ అడుగుతోంది, ఎప్పుడొస్తారని అన్నాడు. వచ్చే ఆదివారం వెళ్తున్నాం. పొద్దున్న ఏడింటికి బస్టాండు దగ్గర కలుద్దాం. వాచీ పట్టుకుని తలుపు దగ్గర నిలబడే పని ఈసారి నాది. మామ్మగారు ఉదయం పూటే బాగా మాట్లాడతారట. రికార్డర్ నేను తెస్తాను, గొట్టం కాజాలు ఎవరైనా తెండి, ఆవిడకి ఇష్టమని చెప్పాడు. పళ్లు లేవట, మెత్తటివి చూసి తెండి.